తొలి కత్తెర

దువ్వెన మళ్ళీ అక్కడే ఆగింది.

ఎడమ చెవి వెనకాల, మెడకు కాస్త పైన. మిగతా జుట్టంతా నూనె పట్టి భుజాలు దాటి జారుతుంటే ఆ ఒక్క పాయ మాత్రం వేలెడు పొడవున మొండిగా నిలబడి ఉంది. కత్తెర పడ్డ చోటు. నిన్న సాయంత్రం చేతికి తగిలినప్పటి నుంచి సంధ్యకు అన్నం సయించలేదు.

"అమ్మా, నొస్తుంది," అన్నాడు దీపు, పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని కాళ్ళూపుతూ.

వాడి అసలు పేరు అనుదీప్. వచ్చే నెలకు మూడేళ్ళు నిండుతాయి. పుట్టినప్పటి నుంచి వాడి తలకు కత్తెర తగల్లేదు. తగల్లేదనే ఈ ఇంట్లో అందరూ అనుకుంటున్నారు.

"అయిపోయింది బిడ్డ. జరసేపు." పక్క పాయను లాగి, మొండి వెంట్రుకల మీద కప్పి, పిన్ను పెట్టింది.

"సంధ్యా!" ముందు గదిలోంచి అత్తగారి గొంతు. "జడ అల్లకు. ఊకె దువ్వి వదిలెయ్యి. పూలజడ నేనే అల్లుత. స్టూడియో ఆయన జల్ది రమ్మన్నడు."

సంధ్య చేతిలోని రెండో పిన్ను జారి బండ మీద పడింది.

తెల్లవారితే ధర్మపురి ప్రయాణం. గుండు చేయించే ముందు పిల్లవాడికి పూలజడ వేసి, పాపిటబిళ్ళ పెట్టి, నారాయణగూడ స్టూడియోలో ఫొటో తీయించాలని అత్తగారి ముచ్చట. ఆవిడ పేరు బాలత్రిపురసుందరి. చిక్కడపల్లి గల్లీలో అందరికీ సుందరమ్మ.

దీపుకు పదకొండో నెలలో నిమోనియా వచ్చి ఆస్పత్రిలో పడ్డప్పుడు, సుందరమ్మ ఆ మెట్ల మీదే నిలబడి మొక్కుకుంది. పిల్లవాడు లేచి ఆడితే పుట్టు వెంట్రుకలు ధర్మపురి నరసింహస్వామికి. ఆ మొక్కు తీరేదాకా తాను చాయ్ ముట్టదు. ఇంటికొచ్చి పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టింది. వెంట్రుకలు బేసి సంవత్సరంలోనే తీయాలని మూడో ఏడు కోసం ఇన్నాళ్ళు ఆగారు.

అది మామూలు మొక్కు కాదు. పొద్దున లేస్తే చాయ్, పొయ్యి దగ్గర చాయ్, ఎవరన్నా వస్తే చాయ్, వాళ్ళు పోతే చాయ్‌గా బతికిన మనిషి. ఆవిడ ఎదుట తాగలేక మామగారు విఠల్ "పేపర్ చదివొస్త" అని చౌరస్తాకు పోవడం అలవాటు చేసుకున్నాడు. మీసాలు తుడుచుకుని వచ్చినా ఆవిడ ముక్కుకు దొరికిపోతాడు.

"ఏం, ఇయ్యాల పేపర్‌ల ఇలాయిచి వేసిన్రా?" అంటుంది.

సంధ్య కొడుకును చంకనేసుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

లోపల లక్ష్మవ్వ ప్రయాణానికి మురుకులు చేస్తోంది. సంధ్య తల్లి. సంధ్యకు టైఫాయిడ్ వచ్చినప్పుడు మనవణ్ణి ధర్మపురి పక్కనే ఉన్న తన ఊరికి తీసుకుపోయి మొన్ననే తిరిగి తీసుకొచ్చింది. వచ్చినప్పటి నుంచి వాడి తల ఎవరినీ ముట్టనివ్వలేదు. 'జరం పడి లేచినవ్, నువ్వు కూసో, నేను అల్లుత' అంటుంటే తల్లి ప్రేమ అనుకుంది సంధ్య. నిన్న ఆమె గుడికి పోయినప్పుడు దువ్వబోతే గానీ సంగతి తెలియలేదు.

"అవ్వా. వీని ఎంటికలు ఎవలు కత్తిరించిన్రు?"

లక్ష్మవ్వ తలెత్తలేదు. గొట్టంలోంచి నూనెలోకి జారుతున్న మురుకు చుట్ట సగంలోనే తెగింది.

"చూసినవా?"

"చూసిన."

"వదినె చూసిందా?"

"ఇంకా లేదు. ఇప్పుడు చూస్తది. పూలజడ తనే అల్లుతదట."

లక్ష్మవ్వ పొయ్యి తగ్గించింది. పిండి చేతులు ఒళ్ళో పెట్టుకుని పీట మీద కూర్చుంది.

"గా రోజు దవఖాన్ల ఆమె మెట్ల మీద నిలబడి మొక్కింది గదా. నేను ఎనక నల్లకాడ నిలబడి మొక్కిన. ఒగలకొగలం చెప్పుకోలే. మొక్కు బయటికి చెప్పొద్దంటరు."

"నువ్వు ఎవలకు మొక్కినవ్?"

"ఇంకెవలకు? మనకు తెలిసిన దేవుడు ఎవలు? ధర్మపురి రామలింగేశ్వరుడు."

పుట్టింటివాళ్ళు విభూతి పెట్టేవాళ్ళు, అత్తింటివాళ్ళు నామం పెట్టేవాళ్ళు. పెళ్ళినాడు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఇప్పుడు ఒక్క తల మీద నానమ్మ, అమ్మమ్మ ఇద్దరూ ఒకే ఊళ్ళో, పక్కపక్క గుళ్ళలో ఉన్న ఇద్దరు దేవుళ్ళకు మాటిచ్చి కూర్చున్నారు.

"తర్వాత వదినె మొక్కు ఎరుకైంది," అంది లక్ష్మవ్వ. "అల్లునింటి పిలగాడు. తలంత నేనెట్ల ఇత్త? ఒక్క కత్తెర ఇత్త, మన్నించు తండ్రీ అని శివయ్యకు చెప్పుకున్న. మొన్న సోమారం నీ తమ్ముడొస్తే ఎంటబెట్టుకుని పోయినం."

"కుమార్‌కు సుత తెలుసా?"

"వాని ఒళ్ళెనే కూసోబెట్టినం. మేనమామ లేకుంటె ఎట్ల?" లక్ష్మవ్వ ముఖం కొద్దిగా వెలిగింది. "గోదాట్ల నీళ్ళు ఎంత సల్లగున్నయో! ఒక్క మునుగుకే కెవ్వుమన్నడు. యమధర్మరాజు గుడికాడ గండాలు పోవాలని పెట్టే గండదీపంల వీని చేత్తోనే నూనె పోపిచ్చిన. 'అమ్మమ్మా, దీపం తాగుతుంది' అన్నడు. అయ్యగారు సుత నవ్విండు. కత్తెరకు భయపడలే. తీసిన పాయను నీళ్ళల్ల ఇడిస్తే, అది పోతుంటె టాటా చెప్పిండు."

"టాటా," అన్నాడు దీపు, తల్లి చంకలోంచి చెయ్యి ఊపుతూ.

"అవ్వా, తొలి కత్తెర నీ దేవునికి పోయింది. ఇగ ఇవి పుట్టు ఎంటికలు ఎట్లయితయి?"

లక్ష్మవ్వ తెగిన మురుకును నూనెలోంచి తీసింది.

"నేను ఒక్కటే గదా అనుకున్న బిడ్డ. తొలిది అనుకోలే."

బయట సైకిల్ స్టాండు వేసిన చప్పుడైంది. కుమారస్వామి వచ్చాడు.

*

కుమారస్వామి అశోక్‌నగర్‌లో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటూ గ్రూప్ టూకు చదువుతున్నాడు. పొద్దున్నే ఇమ్లీబన్ బస్టాండుకు పోయి బస్సు టికెట్లు రిజర్వు చేయించుకుని వచ్చాడు.

ముందు గదిలో సుందరమ్మ చాప మీద కూర్చుంది. ఎదుట పళ్ళెంలో మల్లెలు, కనకాంబరాలు, జడకుప్పెలు. ఆవిడ ముఖం పెళ్ళిపెద్ద ముఖంలా ఉంది.

"రా మేనమామా రా! సీట్లు ముందర దొరికినయా?"

"దొరికినయి అత్తమ్మా."

"కిటికీ పక్కకు నాదే. చెప్తున్న ముందే." ఆవిడ పూలు గుచ్చుతూ అంది. "పెళ్ళయిన కొత్తల ఒక్కసారి పోయిన ధర్మపురికి. కొత్త కోడలిని గదా, మా అత్త తలెత్తనియ్యలే. గుడిల నేల బండలు చూసిన, గోదారిల నా కాళ్ళు చూసుకున్న, వచ్చిన. ఊరు ఎట్లుంటదో ఇప్పటిదాంక తెల్వదు. దేవుడు ఎట్లున్నడే అని మా అమ్మ అడిగితే ఏం చెప్పాలె? ఈసారి తలెత్తి చూస్త. గుడి చూస్త, గల్లీలు చూస్త, అందరి మొఖాలు చూస్త."

కుమారస్వామి నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఏందయ్య, గట్లున్నవ్? నీ ఒళ్ళె కూసోబెడ్తమని పరేషానా? కొత్త పంచె మీద వాడు ఏమన్న చేసినా లేవొద్దు. గట్టిగ పట్టుకోవాలె. ఒక్కసారే అయితది ఈ పని, మల్ల మల్ల కాదు."

అతను టికెట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు.

సంధ్య దీపును తెచ్చి అత్తగారి ముందు దింపింది. వాడు వెళ్ళి నానమ్మ ఒడిలో అలవాటుగా వెనక్కి తిరిగి కూర్చున్నాడు. సంధ్య అక్కడే నిలబడింది. పోలేక, ఉండలేక.

సుందరమ్మ కుడివైపు మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టింది. ప్రతి మలుపులో రెండు మల్లెలు, ఒక కనకాంబరం.

"మీ అమ్మ చెప్పింది సంధ్యా, తానం చేసి పైకి ఎక్కుతుంటే గుడి గంట వినిపిస్తదట. మెట్ల మీద ముసలోళ్ళు కూసుని సూర్యునికి దండం పెడ్తుంటరట. రాత్రి నాకు కలలకు సుత వచ్చింది. మీ అమ్మ చెప్పినట్లే ఉన్నది బరాబర్." ఎడమవైపుకు చెయ్యి మార్చింది. "గీ పిన్నేంది? పూలజడల పిన్ను కనవడద్దు."

పిన్ను లాగింది.

గల్లీలో పాత సామాన్లవాడు అరుచుకుంటూ పోయాడు. సుందరమ్మ చూపుడు వేలు ఆ మొండి వెంట్రుకల మీద ఇటు, మళ్ళీ అటు కదిలింది.

"ఎవరు?" అంది.

"నేనే అత్తమ్మా," అంది సంధ్య. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "చిక్కు పడ్డది. దువ్వెన రాకుంటే..."

"నువ్వా?"

"అవును అత్తమ్మా."

"దువ్వెనకు ఒక్క ఎంటిక వస్తే అయ్యో అని చేత్ల పట్టుకుని తిరిగేదానివి. నువ్వు కత్తెర పెట్టినవా?" సుందరమ్మ గొంతులో కోపం లేదు. "అబద్ధం చెప్పుడు సుత రాదు నీకు. కుమార్, నువ్వన్న చెప్పు."

కుమారస్వామి నేల వైపు చూశాడు.

"వాళ్ళను అడుగకు వదినె." లక్ష్మవ్వ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు కడుక్కోలేదు. "నేను తీపిచ్చిన. సోమారం నాడు. రామలింగేశ్వరునికి మొక్కుండె."

"ఎక్కడి రామలింగేశ్వరుడు?"

"ధర్మపురిల."

"మా ధర్మపురిలనా?"

"మీదే. మాది సుత."

సుందరమ్మ చేతిలోని పూలు పళ్ళెంలో పెట్టింది. ఒక వైపు సగం అల్లిన జడ, ఒక వైపు విడిచిన జుట్టుతో దీపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"అంటే తొలి కత్తెర అయిపోయింది."

"ఒక్క పాయ వదినె. గింతంత. తలంత నీ నరసింహునిదే."

"ఎంగిలి వదినె అది. ఒకరు కొరికిన పండు తీసుకపోయి దేవుని ముందర పెడ్తనా నేను?"

"గోడకు గోడ ఉన్న గుళ్ళు. వాళ్ళిద్దరు ఏమన్న అనుకుంటరా?"

"వాళ్ళు అనుకోరు. నేను అనుకుంట."

లక్ష్మవ్వ చేతికంటిన పిండిని గిల్లుకుంది.

"నాతోని ఒక్క మాట చెప్తే ఏమైతుండె?"

"చెప్తే ఒద్దంటవని భయపడ్డ."

"ఒద్దనకపోదును." సుందరమ్మ గొంతు అప్పుడు మారింది. "నేనూ వస్త అందును. ఇద్దరం పోయి, ఒక్కటే దినం, ఈడొక కత్తెర, ఆడొక కత్తెర, ఆఖరుకు గుండు చేపిస్తుంటిమి. ముందు నాది, తర్వాత నీది. అయిపోతుండె గదా. నువ్వేమో వచ్చిన కాంచి గోదారి గిట్లుంటది, మెట్లు గట్లుంటయి అని చెప్తుంటివి. నేను నోరు తెరుసుకుని వింటి. నిన్న మొన్న పోయొచ్చి చెప్తున్నవని నాకు తెల్వదు. నేను లేకుంట నా మనుమన్ని తీసుకపోయి వచ్చి, నాకే కథ చెప్తున్నవని తెల్వదు."

"వదినె..."

"నాకెంత సంబురం అనిపించె! మా వదినె ఊరి ముచ్చట ఎంత మంచిగ చెప్తదని."

ఆ మాటకు లక్ష్మవ్వ గుమ్మానికి ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

వీధి తలుపు తోసుకుని విఠల్ వచ్చాడు. చేతిలో పేపర్ ఉంది. గదిలోని ముఖాలు చూసి చెప్పులు విడవడం మరిచిపోయాడు. కుమారస్వామి నాలుగు ముక్కల్లో సంగతి చెప్పాడు.

"దీనికేంది, అయ్యగారిని అడుగుదాం," అన్నాడు విఠల్. "ఏదో ఒక మార్గం ఉంటది. పెద్ద ఫికర్ ఏం లేదు."

"నువ్వు చాయ్ తాగొచ్చినవ్ గదా. తాగినోనివి కూసో," అంది సుందరమ్మ.

ఆయన కూర్చున్నాడు.

ఆవిడ దీపును ఒడిలోంచి మెల్లగా పక్కకు దించింది. చీర మీద రాలిన పూరేకులు దులుపుకుంది.

"కుమార్, టికెట్లు వాపస్ చేసిరా. సంధ్యా, నాకు చాయ్ పెట్టు."

ఎవరూ కదలలేదు.

"వినవడలేదా? మొక్కు చెడిపోయినంక ఇగ ఎవరి కోసం ఇడిచిపెట్టాలె? చాయ్ పెట్టు. చక్కెర జర ఎక్కువెయ్యి."

"పెట్టకు బిడ్డ," అంది లక్ష్మవ్వ.

సంధ్య తల్లిని చూసింది. అత్తగారిని చూసింది. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఆవిడ అడిగింది కాదన్నది లేదు. వంటింట్లోకి నడిచింది.

పాలు పొంగుతుంటే కళ్ళు తుడుచుకుంది. ఇంట్లో ఎవరూ తాగకపోయినా వచ్చేపోయేవాళ్ళ కోసం ఉంచిన చాయ్‌పత్తి డబ్బా మూత బిగుసుకుపోయింది. తువాలుతో పట్టి తిప్పాల్సి వచ్చింది. పత్తి వేయగానే ఆ వాసన ముందు గది దాకా పోయి ఉంటుంది.

స్టీలు గ్లాసు తెచ్చి అత్తగారి ముందు పెట్టింది. పొగలు కక్కుతోంది.

సుందరమ్మ చెయ్యి చాచింది. అంతకన్నా ముందు లక్ష్మవ్వ చెయ్యి వచ్చి గ్లాసు మీద మూతలా పడింది.

"చెయ్యి తియ్యి వదినె. కాలుతది."

"కాలనియ్యి."

"తోలు ఊడుతది. మురుకులు ఎట్ల జేస్తవ్?"

"నువ్వు గీ చాయ్ తాగినంక మురుకులు ఎవలకు? నేను తప్పు జేసిన, నన్ను తిట్టు. ఇంట్ల ఉండకు అను, పోత. పిల్లగాడు బతికింది నువ్వు చాయ్ ఇడిచిన మొక్కు తోని వదినె. దాన్ని ఇడువకు."

"చెయ్యి తియ్యి అంటున్న."

లక్ష్మవ్వ పెదవి కొరుక్కుంది గానీ చెయ్యి తీయలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నొప్పివో మరేవో చెప్పడం కష్టం.

సుందరమ్మే ఆమె మణికట్టు పట్టి పైకి లేపింది. అరచేయి తిప్పి చూసింది. ఎండిన పిండి మధ్య గుండ్రంగా గ్లాసు అంచు ఎర్రగా అచ్చు పడి ఉంది. తన కొంగుతో ఆ పిండిని మెల్లగా తుడిచింది. పిల్లలకు ఊదినట్లు నోటితో ఊదింది. ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని అలాగే పట్టుకుంది.

"మొండిదానివి," అంది.

"నువ్వేం తక్కువనా?" అంది లక్ష్మవ్వ.

సుందరమ్మ ముఖంలో ఇంకా వెలుగు రాలేదు. చూపు దేవుడి గూటి వైపు ఉంది.

"బీరువాల బర్నాల్ ఉన్నది. తే పో," అంది కోడలితో.

సంధ్య లోపలికి వెళ్ళింది. బర్నాల్ ఉండాల్సిన చోట లేదు. దీపు ఆటవస్తువుల మధ్య, మూత లేకుండా, సగం పిండేసి దొరికింది. వెతకడానికి కాస్త సమయం పట్టింది.

తిరిగి వచ్చేసరికి లక్ష్మవ్వ ఒక్కతే చాప మీద ఉంది. కాలిన చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది. కుమారస్వామి టికెట్లు పట్టుకుని నిలబడ్డాడు. విఠల్ వీధి తలుపు వైపు చూస్తున్నాడు.

పళ్ళెంలో పూలు అలాగే ఉన్నాయి. దీపు లేడు.

"అత్తమ్మ ఏది?"

"ఏం చెప్పలే," అన్నాడు మామగారు. "లేసింది, పోయింది."

సంధ్య గ్లాసు వైపు చూసింది. నిండుగా ఉంది. చాయ్ మీద మీగడ కట్టింది. ఆ మీగడ ఎక్కడా చెదరలేదు.

దేవుడి గూటి వైపు చూసింది. నరసింహస్వామి పటం కింద, ఇన్నాళ్ళూ పసుపు ముడుపు ఉన్న చోట, దాని ఆకారంలో ఒక మరక మాత్రమే మిగిలింది.

బర్నాల్ చేతిలో పట్టుకునే గేటు దాకా పరుగెత్తింది.

సుందరమ్మ ఇమ్లీబన్ బస్సులు ఆగే చౌరస్తా వైపు గల్లీ చివరికి చేరింది. చంకలో దీపు, చేతిలో పసుపు ముడుపు. ఒక వైపు సగం అల్లిన పూలజడ ఊగుతోంది, ఇంకో వైపు జుట్టు గాలికి చెదురుతోంది.

"అత్తమ్మా!"

ఆవిడ ఆగలేదు. వెనక్కి తిరగలేదు. మలుపు తిరిగే ముందు దీపు ఒక్కడే నానమ్మ భుజం మీంచి చూసి, గోదావరిలో పోతున్న తన వెంట్రుకలకు చెప్పినట్లే, తల్లికి టాటా చెప్పాడు.